మిరపకాయ నుంచి తత్త్వశాస్త్రం దాకా: మొదటి లింకు వెంట నడిచే విధానం

గుంటూరు బ్రాడీపేటలో ఎవరినైనా ఇంటి చిరునామా అడిగితే ముందు లైను సంఖ్య, ఆ తరువాత అడ్డరోడ్డు సంఖ్య చెబుతారు. ఊరికి కొత్తవారు ఆ రెండు అంకెలనూ తారుమారు చేసుకుని కాసేపు తిరిగినా, కనబడినవారినల్లా అడుగుతూ నడిస్తే చివరికి శంకర్ విలాస్ సెంటరులో తేలడం మా పేటలో మామూలే. వికీపీడియాలోనూ అటువంటి కూడలి ఒకటి ఉన్నది. ఆంగ్ల వికీపీడియాలో ఏదో ఒక వ్యాసం తెరిచి, అందులోని మొదటి లింకును నొక్కి, వచ్చిన వ్యాసంలో మళ్లీ మొదటి లింకును నొక్కుతూ పోతే, దాదాపు ఎప్పుడూ తత్త్వశాస్త్రానికి సంబంధించిన 'ఫిలాసఫీ' అనే వ్యాసానికి చేరుకుంటారు. 2011 మే నాటి లెక్కలో 94.52 శాతం వ్యాసాలు, 2016 ఫిబ్రవరి నాటి లెక్కలో 97 శాతం వ్యాసాలు అక్కడికే దారితీశాయి. ఈ నడకను తప్పులు లేకుండా సాగించే విధానాన్నీ, అది అలా జరగడానికి గల కారణాన్నీ ఇక్కడ వివరిస్తాను. ఇదే నడకను తెలుగు వికీపీడియాలో నడవాలంటే నియమాన్ని ఒకచోట తలకిందులు చేసుకోవాలన్నది నా అభిప్రాయం. నిజానికి ఆ సంగతి చెప్పడానికే ఇది రాయడం మొదలుపెట్టాను.

ముందుగా సరంజామా. కంప్యూటరు ఉంటే మేలు, లేకపోతే ఫోను చాలు. ఫోనులో వికీపీడియా యాప్ కన్నా బ్రౌజరే అనుకూలంగా ఉంటుంది, ఎందుకంటే యాప్‌లో లింకును తాకగానే వ్యాసం తెరుచుకోకుండా ముందు చిన్న పరిచయ పెట్టె వచ్చి నిలుస్తుంది. ఒక నోటుపుస్తకం, పెన్ను తప్పనిసరిగా దగ్గర పెట్టుకోవాలి. పేజీకి పైన తేదీ వేసి, బయలుదేరిన వ్యాసం పేరు రాసి, నొక్కిన ప్రతి లింకునూ వరుస సంఖ్యతో కింద రాసుకుంటూ రావాలి. బ్రౌజరు చరిత్రలో అన్నీ ఉంటాయి కదా అనిపిస్తుంది గాని, అందులో మధ్యలో తెరిచిన వాట్సాప్ లింకులూ రైళ్ల వేళలూ కలగాపులగంగా ఉంటాయి.

నియమం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: వ్యాసం అసలు పాఠంలో, బ్రాకెట్ల బయట, ఏటవాలు అక్షరాలలో కానటువంటి మొదటి లింకును నొక్కాలి. అయితే ఈ వాక్యంలోని ప్రతి షరతుకూ ఒక కారణం ఉన్నది, ఆ కారణం తెలియకపోతే ఆచరణలో పొరపాటు పడతారు. అసలు పాఠం అనడం ఎందుకంటే, వ్యాసం పైన 'ఇదే పేరుతో ఉన్న మరొక విషయం కోసం ఫలానా పేజీ చూడండి' అనే అయోమయ నివృత్తి సూచన ఉండవచ్చు, పక్కన సమాచారపెట్టె ఉంటుంది, బొమ్మల కింద వ్యాఖ్యలు ఉంటాయి. వీటిలోని లింకులు విషయాన్ని నిర్వచించేవి కావు కాబట్టి అన్నింటినీ దాటాలి. ఫోనులో సమాచారపెట్టె మొదటి పేరా తరువాత కనబడుతుంది, కంప్యూటరులో కుడిపక్కన ఉంటుంది. ఎక్కడున్నా దానిని లెక్కలోకి తీసుకోరాదు. ఉచ్చారణను చూపే గుర్తుల మీది లింకులు, మూలాలను సూచించే చిన్న అంకెలు, వికీపీడియా బయటకు పోయే లింకులు కూడా పనికిరావు. ఎర్ర లింకు అంటే ఇంకా రాయని వ్యాసం; దానిని నొక్కితే ఖాళీ పేజీ వస్తుంది గనుక దానిని వదిలి తరువాతి నీలం లింకును తీసుకోవడం సబబు. మొదటి పేరాలో ఒక్క లింకూ లేకపోతే రెండవ పేరాకు వెళ్లాలి.

బ్రాకెట్ల షరతును మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, అందరూ తప్పు చేసేది అక్కడే. మా ఊరి సరుకునే ఉదాహరణగా తీసుకుందాం. ఆంగ్లంలో మిరపకాయకు వాడే 'చిలీ' అనే మాట మెక్సికో ప్రాంతపు నహువాటల్ భాష నుంచి వచ్చింది. వికీపీడియా వ్యాసాలలో ఇటువంటి పద వ్యుత్పత్తిని పేరు పక్కనే బ్రాకెట్లో ఇచ్చి, ఆ భాష పేరుకు లింకు పెట్టడం వాడుక. వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చిన మేనకోడలు మొదటిసారి ఆ లింకునే నొక్కి, మిరపకాయ ఏమిటో తెలుసుకోకుండానే మధ్య అమెరికా భాషల చరిత్రలోకి వెళ్లిపోయి, 'మావయ్యా, ఇదేమిటి, మిర్చి యార్డు నుంచి బయలుదేరితే అజ్టెక్కుల దగ్గర దిగాను' అన్నది. బ్రాకెట్లో ఉండేది పేరు గురించిన సమాచారం. బ్రాకెట్ బయట ఉండేది వస్తువు గురించిన సమాచారం. మనకు కావలసింది రెండవది. ఏటవాలు అక్షరాల సంగతీ అటువంటిదే: పరభాషా పదాలనూ, గ్రంథాల పేర్లనూ, జీవుల శాస్త్రీయ నామాలనూ ఆంగ్లంలో అలా వేస్తారు.

నియమాన్ని సరిగా పాటించినప్పుడు నోటుపుస్తకంలో పడే వరుస ఒక ప్రత్యేకమైన పోకడలో ఉంటుంది. మిరపకాయ దగ్గర బయలుదేరితే పండు, అక్కడి నుంచి వృక్షశాస్త్రం, ఆపైన జీవశాస్త్రం, విజ్ఞానశాస్త్రం, జ్ఞానం, చివరగా తత్త్వశాస్త్రం అన్న తీరులో మెట్లు ఉంటాయి. ఈ రోజు మీరు నొక్కితే సరిగ్గా ఇవే పేర్లు ఇదే వరుసలో వస్తాయని అనుకోకండి. వ్యాసాలు రోజూ మారుతూ ఉంటాయి, మధ్యలో కొన్ని మెట్లు చేరుతాయి, కొన్ని పోతాయి. గమనించవలసింది దిశ: ప్రతి మెట్టులోనూ ముందరి దానికన్నా విశాలమైన మాట వస్తుంది. ఎప్పుడైనా ఇందుకు విరుద్ధంగా, విశాలమైన మాట తరువాత ఇరుకైన మాట, ఉదాహరణకు జ్ఞానం తరువాత ఏదో ఒక దేశం పేరు, వచ్చిందంటే వెనక్కి వెళ్లి సరిచూసుకోండి. మీరు బ్రాకెట్లోని లింకు నొక్కి ఉంటారు, లేదా ఆ వ్యాసం మొదటి వాక్యాన్ని ఎవరో నిర్వచనంగా కాక చరిత్రగా మొదలుపెట్టి ఉంటారు.

ఈ నడక మూడు విధాలుగా ముగుస్తుంది. ఒకటి, తత్త్వశాస్త్రం చేరడం. రెండు, నొక్కదగిన లింకు ఒక్కటీ లేని పేజీలో ఆగిపోవడం. మూడు, ఒకసారి చూసిన వ్యాసానికే తిరిగి వచ్చి చక్రంలో పడిపోవడం. నాలుగవ దారి లేదు. పేజీల సంఖ్య ఎంత పెద్దదైనా పరిమితమే. ప్రతి పేజీ నుంచి బయటకు పోయే బాణం ఒక్కటే. కనుక ఆగకుండా నడిచేవాడు ఎప్పటికో ఒకప్పుడు తన అడుగుజాడల్లోనే అడుగు వేయక తప్పదు. ఇక్కడ కృష్ణా నదిని తలచుకుంటే బొమ్మ స్పష్టంగా కడుతుంది. డెల్టా కాలువలను కాదు, ఎగువను చూడాలి: భీమకూ తుంగభద్రకూ మునేరుకూ బయటకు పోయే దారి ఒక్కొక్కటే, కాని వాటన్నింటినీ కలుపుకునే కృష్ణకు లోపలికి వచ్చే దారులు అనేకం. మొదటి లింకుల పటం కూడా అటువంటి పరీవాహక ప్రాంతమే, సముద్రానికి బదులు చివర ఒక చక్రం ఉంటుంది, అంతే తేడా.

అసంపూర్తిగా మిగిలిన ముద్రిత విజ్ఞాన సర్వస్వాలలో రెండవ రకం ముగింపు తప్పదు. నందిగామ ప్రాంతంలోని పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని అక్షర క్రమంలో వెలువరించడం మొదలుపెట్టి, 1923లో మరణించేనాటికి ఇంకా అకారంలోనే ఉన్నారు. అకారం దాటని సంపుటాలలో 'ఫలానాది చూడుము' అన్న మాట వెంట తకారం దాకా వెళ్లే వీలు లేదు. అచ్చు పుస్తకానికి తెలుగులో అంత కష్టపడినవారిని తలచుకున్నాకనే మనం ఈ క్లిక్కుల ఆట ఆడాలని నాకు అనిపిస్తుంది.

చక్రంలో పడ్డామో లేదో తెలుసుకోవడానికి నోటుపుస్తకం చాలు. రాసిన పేరే మళ్లీ వస్తే చక్రమే. నోటుపుస్తకం లేకుండా తేల్చే ఉపాయం ఒకటి కంప్యూటరు విద్యార్థులు చదువుకుంటారు, దానిని రాబర్ట్ ఫ్లాయిడ్ పేరుతో కుందేలు-తాబేలు పద్ధతి అంటారు. ఇద్దరు మనుషులు, రెండు ఫోన్లు కావాలి. ఇద్దరూ ఒకే వ్యాసం నుంచి ఒకేసారి బయలుదేరాలి. తాబేలు వంతుకు ఒక్క లింకు నొక్కాలి, కుందేలు వంతుకు రెండు. దారి ఎక్కడో ఆగిపోయేదైతే కుందేలు ముందుగా అక్కడికి చేరి ఆగుతుంది. దారిలో చక్రం ఉంటే, ముందుకు పోయిన కుందేలు చక్రంలో తిరిగి తిరిగి వెనక నుంచి తాబేలును కలుసుకుంటుంది. ఒక వంతు ముగిసేసరికి రెండు ఫోన్లలోనూ ఒకే వ్యాసం కనబడితే చక్రం ఉన్నట్టే. మా ఇంట్లో కుందేలు మేనకోడలు, తాబేలు నేను. భోజనాల బల్ల మీద ఫోన్లు పక్కపక్కనే పెట్టి, ఆమె రెండు నొక్కేదాకా నేను ఆగి, నేను ఒకటి నొక్కేదాకా ఆమె విసుక్కుని, అలా ఆడాము. పిల్లలకు ఇది పుస్తకంలో చదివి అర్థమయ్యేదానికన్నా పది నిమిషాలలో చేతితో బాగా అర్థమవుతుంది.

తత్త్వశాస్త్రం దగ్గర ఆగవద్దు, ఇంకా నాలుగు అడుగులు వేయండి. ఆ వ్యాసం ఉనికి, హేతువు, జ్ఞానం, విలువలు, మనస్సు, భాష వంటి వాటికి సంబంధించిన మౌలిక ప్రశ్నల అధ్యయనంగా తన విషయాన్ని నిర్వచిస్తుంది. అందులో ఏ మాట వెంట వెళ్లినా, ఆ మాటను నిర్వచించడానికి మళ్లీ తత్త్వశాస్త్రాన్ని తలచుకోక తప్పని పరిస్థితి త్వరలోనే వస్తుంది. కనుక గమ్యం అనుకున్నది తరచు ఒక చక్రంలోని ఒక మజిలీ మాత్రమే. ఆ చక్రంలో ఉన్న మరో వ్యాసాన్ని గమ్యమని పిలిచినా లెక్క తప్పదు, ఎందుకంటే ఒక మజిలీకి వచ్చినవారందరూ తక్కిన మజిలీలకూ వస్తారు. అయినా తత్త్వశాస్త్రం పేరే స్థిరపడింది, మన పెద్దలు 'తిరిగి తిరిగి వేదాంతంలో పడ్డాడు' అనే ధోరణిలోనే కాబోలు.

ఇక కారణం. వికీపీడియా శైలీ నియమాల ప్రకారం వ్యాసం మొదటి వాక్యం విషయం ఏమిటో చెప్పాలి, వీలైనంతవరకు నిర్వచించాలి. ఏమిటో చెప్పడమంటే అది ఏ జాతికి చెందినదో, ఆ జాతిలో తక్కినవాటి నుంచి దానికి ఉన్న తేడా ఏమిటో చెప్పడం. అరిస్టాటిల్ కాలం నుంచి యూరపులో నిర్వచనానికి ఇదే అచ్చు. ఆంగ్ల వాక్యంలో 'ఈజ్ ఎ' అన్న మాటల తరువాత జాతిని చెప్పే మాట త్వరగా వస్తుంది, తేడాలు దాని వెనుక తోకలా వస్తాయి. అందుకే మొదటి లింకు చాలాసార్లు జాతి పేరు మీద పడుతుంది. జాతికి జాతి, దానికి మళ్లీ జాతి వెతుక్కుంటూ పోతే, ఇక ఏ జాతిలోనూ చేర్చలేని మాటలు మిగులుతాయి. వాటిని గురించి మాట్లాడే శాస్త్రమే తత్త్వశాస్త్రం.

మన తర్కశాస్త్రం దీనిని మరింత సూటిగా చెప్పిందని నాకు తోస్తుంది. 17వ శతాబ్దానికి చెందిన తెలుగువాడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో సామాన్యాన్ని, అంటే అనేక వస్తువులలో ఒకటిగా ఉండే జాతి లక్షణాన్ని, పరమనీ అపరమనీ రెండుగా విడదీసి, అన్నింటికన్నా విశాలమైన పర సామాన్యం 'సత్త', అంటే ఉనికి, అని చెప్పి, ద్రవ్యత్వం (ద్రవ్యమై ఉండడం) మొదలైనవాటిని అంతకన్నా ఇరుకైన అపర సామాన్యాలలో చేర్చాడు. గుంటూరు సన్నం మిరపకాయలలో ఒకటి, మిరపకాయ పండ్లలో ఒకటి, పండు ద్రవ్యాలలో ఒకటి, ద్రవ్యం ఉన్నవాటిలో ఒకటి. 'ఉన్నది' అన్న మాట దాటి పైకి ఎక్కడానికి మెట్టు లేదు. సంస్కృత పాఠశాలలో తర్కసంగ్రహం వల్లె వేసిన కుర్రవాడికి ఈ లింకుల ఆట చూపిస్తే ఆశ్చర్యపోడు.

ఆటకు చరిత్ర కూడా కొంత ఉన్నది. 2008 నాటికే వికీపీడియా సభ్యులు దీనిని గమనించి రాసుకున్నారు. 2011 మే నెలలో ర్యాండల్ మన్రో తన వెబ్ కార్టూను ఎక్స్‌కేసీడీలో ప్రస్తావించిన తరువాత అందరి నోటా పడింది. ఆ తరువాత వెర్మాంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014 నాటి ఆంగ్ల వికీపీడియాలోని సుమారు 47 లక్షల వ్యాసాల మొదటి లింకులన్నింటినీ పటంగా గీసి, ప్రవాహం విశేషం నుంచి సామాన్యానికి సాగుతూ సమాజం, రాజ్యం, విజ్ఞానశాస్త్రం వంటి మౌలిక భావనల చుట్టూ పోగుపడుతోందని తేల్చారు. వికీపీడియా స్థాపకులలో ఒకరైన ల్యారీ శాంగర్ తత్త్వశాస్త్రంలోనే డాక్టరేటు పొందినవాడు. ఆ సంగతికీ దీనికీ సంబంధం లేదు గాని, చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో ఆంగ్ల నియమాన్ని ఉన్నదున్నట్టు వాడితే నడక వేరే దారి పడుతుంది. కారణం వాక్య నిర్మాణం. తెలుగులో విశేషణాలన్నీ ముందు వచ్చి, జాతిని చెప్పే మాట చివర నిలుస్తుంది. 'విజయవాడ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో కృష్ణా నది ఒడ్డున ఉన్న నగరం' అన్న వాక్యాన్ని పరిశీలించండి. మొదటి లింకు ఆంధ్రప్రదేశ్ మీద ఉంటుంది. దానిని పట్టుకుంటే భారతదేశం, అక్కడి నుంచి ఆసియా, ఇలా భాగం నుంచి మొత్తానికి పోతాము. విజయవాడ ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది, అది ఏమిటో తెలియదు. అది ఏమిటో చెప్పే మాట 'నగరం'. అది వాక్యం కొసన ఉన్నది. అందువల్ల తెలుగులో నేను పాటించే నియమం ఇది: మొదటి వాక్యంలోని చివరి లింకును నొక్కాలి.

ఈ నియమానికి రెండు సవరణలు అవసరమవుతాయి. మొదటిది, తెలుగులో నిర్వచనాన్ని తిరగేసి చెప్పే అలవాటు కూడా ఉన్నది: 'చింతపండు పులుసు కలిపి పోపు పెట్టిన అన్నపు వంటకాన్ని పులిహోర అంటారు.' ఇక్కడ వాక్యం చివర ఉన్నది పేరు, జాతి కాదు. ఇటువంటి చోట 'ను' గాని 'ని' గాని చేరిన మాటను, అంటే 'వంటకాన్ని' అన్న దానిని, పట్టుకోవాలి. విభక్తి ప్రత్యయం చేరి మాట రూపం మారినా లింకు 'వంటకం' అనే వ్యాసానికే తీసుకుపోవాలి. పోతున్నదో లేదో నొక్కి చూసుకోండి. రెండవది, నగరం, పండు, నటుడు, గ్రామం వంటి మాటలు అందరికీ తెలిసినవే కదా అని వాటికి లింకు పెట్టకుండా వదిలేయడం తెలుగు వ్యాసాలలో తరచు కనబడుతుంది. అప్పుడు ఆ మాటను మీరే వెతుకు పెట్టెలో టైపు చేసి ఆ వ్యాసానికి వెళ్లండి, నోటుపుస్తకంలో ఆ మెట్టు పక్కన ఒక చుక్క పెట్టుకోండి. చివరిలో చుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే, మీ నడకలో ఎంత భాగం వికీపీడియా దారి వేసినదో, ఎంత భాగం మీరే గట్టు మీద నడిచినదో తెలుస్తుంది. గమ్యాన్ని వెతికేటప్పుడు 'తత్వశాస్త్రం' అనీ 'తత్త్వశాస్త్రం' అనీ రెండు విధాలా రాసేవారున్నారని మరువకండి. ఒక రూపంలో దొరకకపోతే రెండవ రూపంలో చూడండి.

ఎక్కడి నుంచి బయలుదేరాలో తోచకపోతే 'యాదృచ్ఛిక పేజీ' అనే మీటను నొక్కవచ్చు. అయితే తెలుగులో గ్రామాల వ్యాసాలు చాలా ఎక్కువ కాబట్టి అది మిమ్మల్ని పదే పదే ఏదో ఒక మండలంలోని గ్రామానికే తీసుకుపోవచ్చు. ఒకటి రెండు గ్రామాలు చేసిన తరువాత తక్కిన గ్రామాల దారి అదే కాబట్టి, వంటకం, వాద్యం, వ్యాధి, వృత్తి ఇలా భిన్నమైనవి ఎంచుకుంటే నోటుపుస్తకం రుచిగా ఉంటుంది. ఒకే వస్తువును రెండు భాషలలోనూ నడిచి, రెండు వరుసలనూ ఎదురెదురు పేజీలలో రాసుకోవడం నాకు అన్నింటికన్నా ఇష్టమైన పద్ధతి. ఫలితాన్ని ఎవరికైనా చూపించాలనుకుంటే వ్యాసం పరికరాలలో ఉండే 'శాశ్వత లింకు'ను భద్రపరచుకోండి, అది మీరు చూసిన నాటి రూపాన్నే చూపిస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. గమ్యం చేరలేదన్న ఉక్రోషంతో వ్యాసంలో లింకులు మార్చకూడదు. చదువుకోవడానికి వచ్చేవారి వాక్యాన్ని మన ఆట కోసం వంకర చేయడం మర్యాద కాదు, చేసినా ఇతర సభ్యులు వెంటనే పూర్వ స్థితికి తెస్తారు. జాతిని చెప్పే మాటకు లింకు లేకపోవడం మాత్రం వేరే సంగతి, అక్కడ లింకు పెట్టడం పాఠకుడికి నిజంగా ఉపయోగమే. మా మేనకోడలు సెలవులు ముగిసి వెళ్లేముందు తన నోటుపుస్తకంలోని చుక్కల మెట్లన్నీ తిరిగి చూసి, ఒక వాద్యం వ్యాసంలో లింకు లేకుండా మిగిలిన 'వాయిద్యం' అన్న మాట చుట్టూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెట్టి, సారాంశం గడిలో 'లింకు చేర్చాను' అని రాసి, భద్రపరచే మీట నొక్కే ముందు నావైపు చూసింది. నేను తల ఊపాను. నోటుపుస్తకంలో ఆ చుక్కను కొట్టేసింది.